1986 ఆల్టోను జపాన్ నుంచి టెక్సాస్‌కు రప్పించుకున్నాను

అమెరికాలో మారుతి 800 కావాలంటే జపాన్‌లో వెతకాలి. 1983 డిసెంబర్ 14న ఢిల్లీలో మొదటి కారు తాళాలు అందజేసిన నాటి మారుతి, సుజుకీ ఫ్రాంటే అనే జపాన్ కారుకు మన రూపం. 1986లో రూపు మార్చుకున్న మారుతికి మూలం, 1984లో అక్కడ విడుదలైన రెండో తరం ఆల్టో. ముక్కు అదే, వాలు అదే, తలుపు వేసినప్పుడు వచ్చే రేకు చప్పుడూ అదే. ఇంజిను మాత్రం మనది 796 సీసీ, వాళ్లది 543 సీసీ. 'కే' అనే చిన్న కార్ల తరగతికి అప్పట్లో జపాన్‌లో 550 సీసీ మించకూడదన్న హద్దు ఉండేది.

నేను డల్లాస్ శివార్లలో ఉంటాను. డ్రైవింగు నేర్చుకున్నది తెనాలిలో, నాన్నగారి తెల్ల మారుతి మీద. ఇంతకన్నా కారణం చెప్పమంటే నా దగ్గర లేదు. "అయితే ఇండియా నుంచే తెప్పించుకోవచ్చుగా" అని అందరూ అడిగారు. ఆ వయసు మారుతి అతుకులు లేకుండా దొరకడం అక్కడ కష్టం. జపాన్‌లోనైతే పాత కార్లను వేలంలో కొని ఓడ ఎక్కించడం దశాబ్దాలుగా నడుస్తున్న వ్యాపారం. కాగితాలు తయారుచేసేవాళ్లకు ఆ పని చేతికి అలవాటు. దిగుమతిలో అసలు కొనుక్కునేది ఆ అలవాటునే.

ముందు చట్టం సంగతి. అమెరికా భద్రతా ప్రమాణాలకు తయారుకాని కారును ఇక్కడికి తేవాలంటే అది తయారై 25 ఏళ్లు నిండాలి. 1988లో చేసిన చట్టంతో వచ్చిన నియమం ఇది. తయారైన నెల నుంచి లెక్క. కాలుష్య నియమాలు చూసే సంస్థకు 21 ఏళ్లు చాలు, కాకపోతే ఇంజిను మార్పులు లేకుండా మొదటిలాగే ఉండాలి. 1986 కారు ఈ రెండు గడపలూ ఎప్పుడో దాటేసింది. దాటిందని చూపించడం వేరే పని, దాని దగ్గరికి వస్తాను.

వేలంలో మనం నేరుగా పాల్గొనలేం, ఏజెంటు కావాలి. ప్రతి కారుకూ ఒక పరీక్ష పత్రం ఉంటుంది. అందులో కారు బొమ్మ గీసి, ఎక్కడెక్కడ ఏ లోపం ఉందో అక్షరాలతో గుర్తిస్తారు. ఏ అంటే గీత, యు అంటే సొట్ట, డబ్ల్యూ అంటే బాగుచేసి రంగు వేసిన చోటు, ఎస్ అంటే తుప్పు, సి అంటే రేకును తినేసిన తుప్పు. మొత్తం కారుకు ఒక గ్రేడు కూడా ఇస్తారు. కొత్తవాళ్లు గ్రేడు చూసి మురిసిపోతారు. నేను బొమ్మ కింది భాగంలోని ఎస్‌లనూ సిలనూ, కారు ఏ ఊరిదన్న వివరాన్నీ చూశాను. హొక్కైడో, అవొమొరి, నీగాట లాంటి మంచు ప్రాంతాల్లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు పైన కనిపించదు, కింద రేకును తినేస్తుంది. అటువైపు కార్లన్నీ వద్దన్నాను. ఏజెంటు విసుక్కోలేదు. చివరికి షిజువొకా ప్రాంతంలో తిరిగిన మూడు తలుపుల తెల్ల ఆల్టో దొరికింది. సుజుకీ సొంత గడ్డ అదే, హమామత్సు ఉన్నది ఆ ప్రాంతంలోనే. ఏసీ లేదు. టెక్సాస్‌లో ఉంటూ ఏసీ లేని కారు కొన్నందుకు మా ఆవిడ ఏమందో ఇక్కడ రాయను.

డబ్బు పంపింది 2024 జూలై మొదటి వారంలో. అప్పుడు డాలరుకు 161 యెన్లు. 1986 తర్వాత యెన్ అంతగా పడిపోవడం అదే మొదటిసారి. కారు తయారైన ఏడాదే మారకం రేటులోనూ ఎదురుపడిందని నవ్వుకున్నాను. ఆగస్టు మొదట్లోనే అది 142 దాకా బలపడింది. ఇందులో నా తెలివేమీ లేదు, జీతం పడిన రోజు అలా కలిసొచ్చింది. ఏజెంటు రుసుము, లోకల్ రవాణా, రేవు ఖర్చులు అన్నీ కలిపి ఓడ ఎక్కేదాకా 3,80,000 యెన్లు అయ్యాయి. సుమారు 2,360 డాలర్లు.

ఇక అసలు కథ కాగితాలది. జపాన్‌లో రిజిస్ట్రేషన్ రద్దుచేసి ఎగుమతికి ఇచ్చే పత్రమే ఈ కారుకు జన్మ పత్రం. అందులో సంవత్సరం షోవా 61 అని ఉంటుంది. చక్రవర్తి పాలన మొదలైనప్పటి నుంచి లెక్కపెట్టే సంవత్సరాలు అవి. 1925 కలిపితే మన లెక్క వస్తుంది. మన పంచాంగంలో అది అక్షయ నామ సంవత్సరం. ఆ పత్రం మీద సంవత్సరం మాత్రమే ఉంది, నెల లేదు. కారు తలుపు పక్క రేకు మీదా తేదీ లేదు. 25 ఏళ్లు నిండాయా అన్న ప్రశ్నకు 1986 అన్న అంకె సరిపోతుంది కాబట్టి బతికిపోయాను. సరిగ్గా 25 దగ్గర ఉన్న కారు కొనేవాళ్లు మాత్రం తయారైన నెలకు రుజువు చేతిలో పెట్టుకోకుండా డబ్బు కట్టకూడదు. తయారీ తేదీ దొరకనప్పుడు, 25 ఏళ్ల కిందటే రిజిస్టరైందని చూపించే పత్రాన్ని అధికారులు ఒప్పుకుంటారు.

అదే పత్రంలో ఇంకో గడి ఉంది. వాహనం రకం: సరుకు రవాణా.

జపాన్‌లో ఆల్టో పుట్టుకే అలాంటిది. ప్రయాణికుల కారు కన్నా సరుకు బండికి పన్ను తక్కువ కాబట్టి 1979లో సుజుకీ మొదటి ఆల్టోను సరుకు బండిగా నమోదయ్యేలా తయారుచేసి 4,70,000 యెన్లకు అమ్మింది. వెనక సీటు ఇరుకు, దాని వెనక సరుకు చోటు ఎక్కువ. జనం మాత్రం దాన్ని ఇంటి కారుగానే వాడుకున్నారు. ఫ్రాంటే ప్రయాణికుల కారు, ఆల్టో సరుకు బండి. రెండూ ఒకే పోలిక, ఒకే కడుపున పుట్టి వేరే ఇంటిపేర్లతో పెరిగిన పిల్లల్లా.

అమెరికా కస్టమ్స్‌లో ఈ తేడా ఖరీదైనది. 2024లో ప్రయాణికుల కారు మీద సుంకం 2.5 శాతం, సరుకు బండి మీద 25 శాతం ఉండేది. ఆ 25 శాతం వెనక కోళ్లున్నాయి. అరవైల్లో ఐరోపా దేశాలు అమెరికా కోడిమాంసం మీద సుంకం పెంచాయి. జవాబుగా అధ్యక్షుడు జాన్సన్ 1963 చివర్లో విదేశీ లారీలు, వ్యాన్ల మీద 25 శాతం వేశారు. కోళ్ల గొడవ ఎప్పుడో ముగిసింది. సుంకం మాత్రం ఉండిపోయింది. దాన్ని ఇప్పటికీ కోడి పన్ను అనే పిలుస్తారు.

దిగుమతి దాఖలు మనమే చేసుకోవచ్చు, చట్టం అడ్డురాదు. నేను కస్టమ్స్ బ్రోకరును పెట్టుకున్నాను. ఆమె ఫోనులో మొదట అడిగిన ప్రశ్న ధర గురించి కాదు.

"వెనక సీటు ఉందా? బెల్టులు ఉన్నాయా? పక్క అద్దాలు ఉన్నాయా, లేక రేకుతో మూసేశారా?"

"అన్నీ ఉన్నాయండీ. కానీ జపాన్ పత్రంలో సరుకు బండి అని ఉంది."

"వాళ్లు పన్ను కోసం ఏమని రాసుకున్నారో మనకు అనవసరం. ముఖ్యంగా మనుషుల్ని మోయడానికి తయారైందా లేదా అన్నదే ఇక్కడి లెక్క. ఫోటోలు పంపండి. ఇన్‌వాయిస్‌లో మాత్రం వ్యాన్ అన్న మాట కనిపించకూడదు."

అప్పటికి ఇన్‌వాయిస్ తయారుకాలేదు. ఏజెంటుకు రాసి, 'రెండు వరుసల సీట్లున్న మూడు తలుపుల ప్రయాణికుల కారు' అని ఉన్నదున్నట్టు రాయించాను. సీటు, బెల్టులు, అద్దాల ఫోటోలూ పాత కంపెనీ కరపత్రం ప్రతీ జోడించాం. వెయ్యి సీసీ లోపు ప్రయాణికుల కారుగా ఆమె దాఖలు చేసింది, అలాగే ఒప్పుకున్నారు. సుంకం 59 డాలర్లు. దాఖలు రుసుము, రేవు రుసుము కలిపినా మొత్తం వంద దాటలేదు. సరుకు బండి అనుకుని ఉంటే సుంకమే 590.

చదివేవాళ్లలో ఇండియా లెక్కలకు అలవాటుపడినవాళ్లు ఉంటారు కాబట్టి ఒక మాట. మన దగ్గర ఓడ కిరాయి, బీమా కలిపిన విలువ మీద సుంకం వేస్తారు. అమెరికాలో మాత్రం ఓడ బయలుదేరిన రేవు దాకా అయిన ధర మీదే వేస్తారు, సముద్రం ఖర్చు కలపరు. అందుకే కారు ధర తక్కువైతే సుంకం అసలు లెక్కలోకే రాదు. బ్రోకరు రుసుము, ఈ ఒక్క దిగుమతికి హామీగా కట్టిన బాండు, ఓడ కిరాయి, రేవు నుంచి ఇంటికి లారీ, వీటిలో ప్రతిదీ ఆ 59 డాలర్ల కన్నా ఎక్కువే. "సుంకం ఎంత?" అని అడిగే స్నేహితులకు ఈ సంగతి చెబితే నమ్మరు.

ఓడ రో-రో రకం, అంటే కార్లను నడిపించి లోపలికి ఎక్కించే ఓడ. కారులో సామాను పెట్టనివ్వరు, పెట్రోలు కొద్దిగానే ఉంచాలి. కింది భాగాన్ని ఆవిరితో కడిగించమని బ్రోకరు గట్టిగా చెప్పింది. విదేశీ మట్టి అంటుకుని ఉంటే వ్యవసాయ శాఖవాళ్లు ఆపేస్తారు. సరుకు వివరాల ముందస్తు దాఖలు ఆలస్యమైతే 5,000 డాలర్ల జరిమానా పడవచ్చు. రెండు వేల చిల్లర కారుకు ఐదు వేల జరిమానా! ఆ దాఖలు రసీదు చేతికొచ్చేదాకా నాకు కుదురు లేదు. అక్టోబర్ మొదట్లో తూర్పు తీరంలోనూ గల్ఫ్ తీరంలోనూ రేవు కార్మికులు మూడు రోజులు సమ్మె చేశారు. ఓడ అప్పటికి పసిఫిక్‌లోనే ఉండడం వల్ల నాకు తగల్లేదు. పనామా కాలువ దాటిన రోజు ఫోనులో ఓడ చుక్కను చూపిస్తే మా అమ్మాయి "అందులో మన కారు ఎక్కడ?" అని పెద్దది చేసి చూసింది.

గాల్వెస్టన్ రేవులో దిగాక హెచ్ఎస్-7, 3520-1, 7501 అనే మూడు కాగితాలు కస్టమ్స్ ముద్రతో చేతికి రావాలి. మొదటిది భద్రతకు, రెండోది కాలుష్యానికి, మూడోది సుంకానికి. వీటి అసలు ప్రతులు పోగొట్టుకుంటే తరువాత రాష్ట్ర కార్యాలయంలో మన మాట ఎవరూ వినరు. రేవు లోపలికి వెళ్లాలంటే ట్విక్ అనే గుర్తింపు కార్డు ఉండాలి, లేదా కార్డు ఉన్న మనిషి వెంట రావాలి. నేను ఆ తంటా పెట్టుకోకుండా కారు మోసే లారీ మాట్లాడుకున్నాను. ఎలాగూ నంబరు ప్లేటు లేని కారును దాదాపు 460 కిలోమీటర్లు నడుపుకుని రాలేను. ప్లేటు ఉన్నా 543 సీసీతో హ్యూస్టన్ హైవే ఎక్కే ధైర్యం నాకు లేదు.

అంతా అయిపోయిందనుకున్న చోట అసలు నస మొదలైంది. అమెరికా కంప్యూటర్లకు 1981 తర్వాతి ప్రతి కారుకూ 17 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉండి తీరాలి. జపాన్ కారుకు ఉండేది సీఏ71 అని మొదలై కొన్ని అంకెలతో ఆగిపోయే ఛాసిస్ నంబరు. బీమా కంపెనీ వెబ్‌సైటు ఒప్పుకోలేదు. పాత కార్లకు మాత్రమే బీమా ఇచ్చే కంపెనీకి ఫోన్ చేస్తే, అక్కడ మనిషి మాట్లాడుతుంది కాబట్టి పని జరిగింది. విలువను ముందే ఒప్పుకుని రాసుకుంటారు, ఏడాదికి ఇన్ని మైళ్లు అని హద్దు పెడతారు.

టెక్సాస్‌లో విదేశం నుంచి వచ్చిన కారుకు టైటిల్, అంటే యాజమాన్య పత్రం, కావాలంటే, ఛాసిస్ నంబరును ఒక పోలీసు అధికారి కళ్లారా చూసి వీటీఆర్-68-ఏ అనే పత్రం మీద సంతకం చేయాలి. కారును ట్రైలర్ మీద తీసుకెళ్లాను. ఆయన బానెట్ ఎత్తి చూసి, "ఇంజిను ఎక్కడ?" అని సరదాగా అన్నాడు. జపాన్ పత్రానికి గుర్తింపు ఉన్న అనువాదకుడి అనువాదం, 130-యు దరఖాస్తు, 6.25 శాతం అమ్మకం పన్ను, ఇవి మామూలే.

కౌంటరు దగ్గర మాత్రం అమ్మాయి తల అడ్డంగా ఊపింది. ఇలాంటి చిన్న బండ్లకు రోడ్డు రిజిస్ట్రేషన్ ఇవ్వం అంది. ఒకప్పుడు నిజమే. టెక్సాస్ వాహన శాఖ 2024 ఏప్రిల్‌లో ఆ విధానం మార్చి కే వాహనాలను అనుమతించింది. ఆ ప్రకటన ప్రతి నా ఫైలులో ఉంది. ఆమె చదివి, లోపలికి తీసుకెళ్లి, పై అధికారిణిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ రోజు కాలేదు. వాళ్లు పైకి రాసి అడిగి, నన్ను మళ్లీ పిలిచారు. అప్పటికి కొత్త సంవత్సరం వచ్చింది. 2025 జనవరి 1 నుంచి టెక్సాస్ సొంత కార్లకు భద్రతా తనిఖీ ఎత్తేసింది, 25 ఏళ్లు దాటిన కారుకు పొగ పరీక్ష ఎలాగూ లేదు. ఆలస్యం నాకు ఒక తనిఖీ తప్పించింది. పురాతన వాహనాల ప్లేటు తీసుకోమని సలహా ఇచ్చారు. దానితో ప్రదర్శనలకు, క్లబ్బు కార్యక్రమాలకు తప్ప రోజువారీ తిరగకూడదు. నాకు కూరగాయలకు వెళ్లే కారు కావాలి. మామూలు ప్లేటే తీసుకున్నాను.

విడిభాగాల సంగతి అడుగుతారు కాబట్టి చెబుతాను. సుజుకీ 2012 చివర్లోనే అమెరికాలో కార్ల అమ్మకం ఆపేస్తున్నట్టు ప్రకటించింది, ఇక్కడ దొరికేదేమీ లేదు. విజయవాడ ఆటోనగర్‌లో మా బావకు తెలిసిన మెకానిక్ ఉన్నాడు. కొలతలు, ఫోటోలు పంపితే మారుతివి చూసి పంపాడు. కొన్ని సరిగ్గా కూర్చున్నాయి, కొన్ని కూర్చోలేదు. ఇంజిను లోపలివి మాత్రం జపాన్ నుంచే తెప్పిస్తున్నాను. కుడిచేతి స్టీరింగు నాకు కొత్త కాదు. కారులోంచే కాఫీ కొనుక్కునే కిటికీల దగ్గర పక్క సీట్లో కూర్చున్నవాళ్లు డబ్బు ఇచ్చి కప్పు అందుకోవాలి. అందుకే కాఫీకి ఒక్కడినే వెళ్లలేను.

ఫ్రీమాంట్‌లో ఉన్న మా బావమరిది నాకూ ఒకటి కావాలన్నాడు. వద్దన్నాను. కేంద్రం ఒప్పుకున్నా కాలిఫోర్నియా తన సొంత కాలుష్య నియమాలు పెట్టుకుంది. 1976 నుంచి తయారైన కారైతే అక్కడి ప్రయోగశాలలో పరీక్ష నెగ్గించాలి, దానికి ఆల్టో ధరకు ఎన్నో రెట్లు ఖర్చవుతుంది. 1975, అంతకు ముందువైతే ఆ బాధ లేదు. ఇది విన్నాక అతను మనసు మార్చుకుని, మన ప్రీమియర్ పద్మినికి మూలమైన ఫియట్ 1100డి కోసం ఇటలీ ప్రకటనలు చూస్తున్నాడు. రోజూ రాత్రి ఫోటోలు పంపుతాడు. నేను ముందు కారు పత్రాల ఫోటో పంపమంటాను.