180 పెద్దదా, 320 పెద్దదా?

ముప్పై అయిదో ఏట నేను ప్రభుత్వ బడిలో ఉపాధ్యాయుడిగా చేరాను. ఇంత ఆలస్యంగా ఎందుకని అడిగేవాళ్లకు ఏం చేసి వచ్చానో చెబితే తప్ప సరైన జవాబు కుదరదు.

మాది పలాస దగ్గర ఉద్దానం పల్లె. ఇంటర్ అయిన ఏడాదే నాన్న మంచం పట్టాడు. చదువు మానేసి జీడిపప్పు ఫ్యాక్టరీలో చేరాను. పిక్కలు ఉడికించాలి, కోయాలి, పప్పు ఆరబెట్టాలి, పొట్టు తీయాలి. ఆఖరున రకాలు విడదీయాలి. నన్ను ఆ ఆఖరి బల్ల దగ్గర కూర్చోబెట్టారు. గుండు ఒకవైపు, బద్ద ఒకవైపు, ముక్క ఒకవైపు. గుండులో మళ్లీ 180, 210, 240, 320. పౌండు తూకానికి ఎన్ని గింజలు పడతాయన్నదే ఆ అంకె. అది తెలియక మొదటి వారం 320 అంటే పెద్ద రకమనుకొని రెండు బుట్టలు కలిపేశాను. పక్కనున్న పిన్ని కోప్పడలేదు. రెండు గింజలు నా అరచేతిలో పెట్టి, "తూకం మారదు కదా బాబూ. ఎక్కువ గింజలు పట్టాయంటే ఒక్కొక్కటి చిన్నదనే కదా" అంది. ఆమె ఏనాడూ బడికి వెళ్లలేదు.

ఆ తరువాత ఆరేళ్లు చెన్నైలో కట్టడాల దగ్గర కడ్డీలు కట్టాను. ఒకరోజు మేస్త్రీ తమిళంలో గబగబా ఏదో చెప్పాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. అడగడానికి భయమేసి తల ఊపాను. మరునాడు ఆ వరస కట్లన్నీ విప్పి మళ్లీ కట్టాల్సి వచ్చింది. వేళ్లు కోసుకుపోయిన సంగతి ఎప్పుడో మరిచిపోయాను కానీ, అలా తల ఊపడం మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా ప్రాంతం మీద తీరం దాటింది. నేను ఇల్లు చేరేసరికి నాన్న నాటిన జీడిచెట్లు వేళ్లతో సహా పడి ఉన్నాయి. కొబ్బరి చెట్లు విరిగిపోయాయి. కరెంటు లేదు. పగలంతా కొమ్మలు నరికేవాళ్లం. సాయంత్రం అన్నయ్య కూతురు పుస్తకం పట్టుకొని నా పక్కన కూర్చునేది. అయిదో తరగతి. 1/4, 1/8లలో ఏది పెద్దదంటే 1/8 అని రాసింది. నాలుగు కంటే ఎనిమిది పెద్దది కదా మరి.

రెండుసార్లు చెప్పినా ఎక్కలేదు. అప్పుడు నాకు పిన్ని గుర్తొచ్చింది. "180 పప్పు పెద్దదా, 320 పప్పు పెద్దదా?" అని అడిగాను. వాళ్లమ్మ ఇంట్లోనే పొట్టు తీస్తుంది. పిల్ల ఆలోచించనైనా ఆలోచించలేదు. "180 చిన్నాన్నా" అంది. "మరి అంకె 320 కదా పెద్దది?" అన్నాను. నోరు తెరవబోయి ఆగిపోయింది. చాలాసేపు పుస్తకంలోకే చూసింది. నేను ఏమీ చెప్పకుండానే రబ్బరు తీసుకొని తన జవాబు చెరిపేసింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంక్రాంతి నాటికి మా అరుగు మీద పదిహేను మంది పిల్లలు కూర్చునేవారు. నేను మళ్లీ చెన్నై వెళ్లలేదు.

ఇక దారి కనుక్కోవాలి. ప్రాథమిక తరగతులకు చెప్పాలంటే డీఎడ్ అనే ఉపాధ్యాయ శిక్షణ కోర్సు కావాలన్నారు. దాని ప్రవేశ పరీక్ష డీఈఈసెట్ రాస్తే వమరవల్లిలోని ప్రభుత్వ శిక్షణ సంస్థ డైట్‌లో సీటు వచ్చింది. నాకంటే పన్నెండేళ్లు చిన్నవాళ్ల మధ్య కూర్చున్నాను. మనస్తత్వవేత్త పియాజె చెప్పిన మూర్త ప్రచాలక దశ, అంటే ఏడు నుంచి పదకొండేళ్ల పిల్లలు చేతికందే వస్తువు ఆధారంగా తర్కిస్తారన్న పాఠం విన్నప్పుడు మా అరుగే కళ్ల ముందు కదిలింది. రెండేళ్ల చదువులో కొంత కాలాన్ని కరోనా మింగేసింది. తరువాత ఒక ప్రైవేటు బడిలో తక్కువ జీతానికి చెప్పాను.

ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్ ఒకసారి గట్టెక్కాను. అయితే ప్రభుత్వ బడి ఉద్యోగాలకు జరిగే నియామక పరీక్ష డీఎస్సీలో దానికి 20 శాతం వెయిటేజీ ఉంటుంది, ఒక్క మార్కుతో ఉద్యోగం చేజారవచ్చు. అందుకే 2024 అక్టోబరులో మళ్లీ రాసి మార్కులు పెంచుకున్నాను. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటన వచ్చింది. పరీక్ష కంటే నన్ను ఎక్కువగా కంగారుపెట్టింది స్టడీ సర్టిఫికెట్లు. స్థానికత తేల్చడానికి నాలుగు నుంచి పది వరకు చదివిన ప్రతి బడిదీ కావాలి. నేను నాలుగో తరగతి చదివిన బడి ఏనాడో మరో బడిలో కలిసిపోయింది. ఆ పాత రిజిస్టరు కోసం పది రోజులు తిరిగాను. దయచేసి ప్రకటన రాకముందే ఆ కాగితాలు తెచ్చి పెట్టుకోండి.

ఇప్పుడు నేను మందస మండలంలో కొండ పక్కన బడిలో పనిచేస్తున్నాను. రెండో తరగతిలో ఒక సవర గిరిజన పాప ఉంది. చేరిన కొత్తలో నేను ఏం చెప్పినా తల ఊపేది. ఆ తల ఊపు నాకు బాగా తెలుసు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకొని, ఆ పిల్లల కోసం బడులు పెట్టారని డైట్‌లో చదివాను. అంతటి పని నావల్ల కాకపోవచ్చు, పది మాటలైనా నేర్చుకోవాలనుకున్నాను. రోజూ ఒక వస్తువు చూపించి మీ మాటలో ఏమంటారని అడుగుతాను. ఆమె చెబుతుంది, నేను నోటుబుక్కులో రాసుకొని చదువుతాను. నా పలుకు సరిగా లేకపోతే తల అడ్డంగా తిప్పి మళ్లీ చెప్పిస్తుంది.

నిన్న తీసివేతలు చెప్పి, తెలిసిందా అని అడిగాను. ఆమె తల ఊపలేదు. పలక నా వైపు తిప్పి, "తెలియలేదు మాస్టారూ" అంది.