మూత్ర సమస్యల మడి: పన్నెండు వారాల చిట్టా

1వ వారం

మడిలో నాలుగే రకాలు: పల్లేరు, కొండపిండి, అటికమామిడి, పీచు కోసం మొక్కజొన్న. కిడ్నీ రాళ్లకు రణపాల ఆకు నమలమని చాలామంది చెబుతారు. అయినా దాన్ని కావాలనే పక్కన పెట్టాం. అందులో గుండె మీద పనిచేసే పదార్థాలు ఉంటాయి, ఆకులో అవి ఎంత ఉన్నాయో ఇంట్లో కొలవలేం.

పల్లేరు కాయను అలాగే పాతితే మొలక కోసం ఎదురుచూపులే. ఎండిన కాయ ఐదు ముక్కలుగా విడుతుంది. ముళ్లు తుంచి, ముక్కలు విడదీసి, రాత్రంతా నానబెట్టి, సెంటీమీటరు లోతున పెట్టాలి. పది ముక్కలకు మూడు మొలిచాయి, అది తక్కువేమీ కాదు. కుండీలోనే పెంచండి. నేలలో కాయ రాలితే చెప్పుల్లో, సైకిల్ ట్యూబులో తేలుతుంది. కొండపిండి విత్తనం మరీ సన్నం, మట్టి కప్పకుండా పైన చల్లి నీళ్లు చిలకరిస్తే చాలు.

4వ వారం

గలిజేరు గొడవ మొదలైంది. ఈ ఒకే పేరుతో అటికమామిడి, ఇంకో మొక్క రెండూ తిరుగుతాయి. మనకు కావలసిన అటికమామిడికి పూలు సన్నని కాడల చివర గుత్తులుగా వస్తాయి, కాయలు జిగురుగా బట్టలకు అంటుకుంటాయి, వేరు లావుగా లోతుకు దిగుతుంది. రెండో దానికి ఆకు కండగా ఉంటుంది, పువ్వు ఆకు మొదట్లోనే కాడ లేకుండా ఇరుక్కుని ఉంటుంది. ఈ రెండో దానిలో ఆక్సలేట్లు ఎక్కువ. రాళ్లలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేట్‌వే కాబట్టి, రాళ్లున్నవాళ్లు పొరబాటున దీన్ని కాచుకుంటే మందు పేరుతో ముడిసరుకు పోసినట్టే. పువ్వు రాకముందు కోయకపోవడమే దీనికి విరుగుడు.

పల్లేరులోనూ ఇదే తంటా. ఏనుగు పల్లేరు వేరే జాతి. దాని పచ్చి ఆకును నీళ్లలో తిప్పితే నీళ్లు జిగటగా సాగుతాయి. కాయకు నాలుగు మూలలు ఉంటాయి, ఐదు ముక్కలు కావు.

9వ వారం

మొక్కజొన్న పీచు వచ్చింది. పీచు బయటపడగానే కోస్తే గింజ కట్టదు. గింజ పాలుపోసుకున్నాక, పీచు కొసలు గోధుమ రంగుకు తిరిగే వేళ తీయడం మేలు. పురుగుమందు కొట్టిన కంకి పీచు అసలు వాడకూడదు, ఎందుకంటే మందు మొదట పడేది పీచు మీదే. నీడలో పలుచగా పరిచి, రోజుకు రెండుసార్లు విడదీయాలి. ముద్దగా వదిలిన ఒక గుప్పెడు రెండో రోజే లోపల బూజు పట్టింది, పారేశాం. 100 గ్రాముల పచ్చి పీచు ఎండాక 13 గ్రాములైంది. పట్టుకుంటే గలగలమంటూ విరిగితేనే సీసాలోకి. సీసా మీద మొక్క పేరు, కోసిన తేదీ.

12వ వారం

కాచడం. పీచుకు మరగబెట్టడం అక్కర్లేదు: ఒక టీస్పూను పీచు మీద 200 మి.లీ. వేడినీళ్లు పోసి, మూతపెట్టి, పది నిమిషాలకు వడకట్టాలి.

పల్లేరు కాయలు గట్టివి, వాటికి కషాయమే. పాత పద్ధతిలో ఒక వంతుకు పదహారు వంతుల నీళ్లు పోసి ఎనిమిదో వంతుకు దించాలి. అంటే 10 గ్రాములకు 160 మి.లీ., చివరికి 20 మి.లీ. కాయను కచ్చాపచ్చాగా దంచాలి. మెత్తని పొడి చేస్తే గుడ్డలో అడ్డుపడి వడకట్టడమే కుదరదు. స్టీలు గిన్నె వాడాలి, సన్నని సెగ. 20 మి.లీ. నీళ్లు ముందు గిన్నెలో పోసి పుల్లతో లోతు గుర్తు పెట్టుకుంటే అడుగంటదు. కషాయం ఏ రోజుది ఆ రోజే.

వీటి పని మూత్రం ఎక్కువగా వచ్చేలా చేయడం వరకే. ఇన్ఫెక్షన్‌ను ఇవి తీయవు. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, మూత్రంలో రక్తం, వాంతులు ఉంటే గిన్నె దించి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, మూత్ర పరీక్ష అక్కడే. గర్భిణులు, కిడ్నీ లేదా గుండె జబ్బువాళ్లు, బీపీ, షుగర్, లిథియం (మానసిక జబ్బు మందు), రక్తం పలుచన చేసే మందులు వాడేవాళ్లు అడగకుండా మొదలుపెట్టకూడదు.

అటికమామిడి వేరు ఇంకా పుల్లంతే ఉంది. దాన్ని ఈ విడత పీకడం లేదు, లోతైన కుండీలోకి మారుస్తున్నాం.