డివిడెండ్ ఎంతని కాదు, డబ్బు ఎన్ని క్వార్టర్లకుందో అడగండి

భీమవరం, అమలాపురం వైపు నుంచి ఆస్ట్రేలియాలోని పెర్త్ వచ్చి చిన్న ఖనిజాన్వేషణ కంపెనీల్లో చేరిన పిల్లల్ని ఇంటిదగ్గర అడిగే మాట ఒకటే: "మీ కంపెనీ డివిడెండ్ ఎంతిస్తుందిరా?" పొలం కౌలుకిస్తే ఎకరానికి ఇన్ని బస్తాలు, చెరువు లీజుకిస్తే ఏడాదికి ఇంత, అప్పిస్తే నూటికి రెండు రూపాయలు. ఏడాది తిరిగేసరికి చేతికి ఏదో ఒకటి రావాలన్నది మన డెల్టా లెక్క. ఆ లెక్కతోనే ఈ షేర్లు కొన్నవాళ్లూ, ఉద్యోగంలో చేరినవాళ్లూ నష్టపోతున్నారు.

ఈ కంపెనీలిచ్చే డివిడెండ్ (లాభంలో వాటాదారుకిచ్చే భాగం) సున్నా. అలాగని కంపెనీ చెడ్డదని కాదు. దానికి గని లేదు, అమ్మకం లేదు. ఉన్నవల్లా అన్వేషణ లైసెన్సులు, షేర్లమ్మి తెచ్చిన డబ్బు. పశ్చిమ ఆస్ట్రేలియాలో ప్రతి లైసెన్సు మీదా ఏటా ఇంత ఖర్చు పెట్టి తీరాలన్న షరతుంది. పెట్టకపోతే లైసెన్సే పోయే ప్రమాదం.

ఆ ఖర్చు ఎలా అవుతుందో రిగ్గు దగ్గర తెలుస్తుంది. ఆర్‌సీ (రివర్స్ సర్క్యులేషన్) డ్రిల్లింగ్‌లో మీటరు దిగినప్పుడల్లా రాతిపొడి గాలి ఒత్తిడికి పైకొచ్చి, గాలిని, పొడిని విడదీసే సైక్లోన్ దాటి, పొడిని వాటాలేసే స్ప్లిటర్‌లో పడుతుంది. అందులో రెండు మూడు కిలోలు నంబరేసిన గుడ్డసంచిలోకి పోతాయి. గుప్పెడు పొడి జల్లెడలో కడిగి చిప్ ట్రే గళ్లలో పోస్తారు. ల్యాబు పనిని పట్టి చూడటానికి మధ్యమధ్యలో బంగారం శాతం ముందే తెలిసిన సంచి ఒకటి, ఏమీ లేని సంచి ఒకటి కలుపుతారు. లోపల నీరు తగిలిందంటే తడిపొడి స్ప్లిటర్‌కి అతుక్కుని, పై మీటరు బంగారం కింది మీటరు లెక్కలో కలుస్తుంది. అప్పుడు రిగ్గు ఆపి శుభ్రం చేయాల్సిందే. రిగ్గుకి మీటరుకింత, ల్యాబుకి సంచికింత. మెట్టలో బోరేసేవాడికి నీళ్లు పడ్డా పడకపోయినా అడుగుకింత ఇచ్చుకున్నట్టే. ఇలాంటి చోట డివిడెండ్ ఇచ్చారంటే మొన్న వాటాదారు పెట్టిన డబ్బే తిరిగి అతని చేతిలో పెట్టారని అర్థం.

చూడాల్సింది అపెండిక్స్ 5బి అనే డబ్బు రాకపోకల రిపోర్టు. ఏఎస్ఎక్స్‌లో (ఆస్ట్రేలియా షేర్ మార్కెట్) నమోదైన ప్రతి అన్వేషణ కంపెనీ క్వార్టరు (మూడు నెలలు) ముగిసిన నెలలోపు దీన్ని ఇవ్వాలి. ఇందులో 8.7 నంబరు వరుసలోని అంకె ముఖ్యం, డబ్బు ఎన్ని క్వార్టర్లకు సరిపోతుందో అది చెబుతుంది. అందుబాటులో ఉన్న డబ్బుని ఆ క్వార్టరు ఖర్చుతో భాగిస్తే వచ్చేది. చేతిలో 24 లక్షల డాలర్లుండి, క్వార్టరు ఖర్చు 10 లక్షలైతే 2.4. రెండు కంటే తగ్గితే డబ్బు ఎలా తెస్తారో, పని ఎలా సాగిస్తారో కంపెనీ అక్కడే రాసి చెప్పాలి.

ఈ అంకెని గుడ్డిగా నమ్మొద్దు. ఇది చేతులు మారిన డబ్బు లెక్క మాత్రమే. మార్చిలో వేసిన బోర్ల బిల్లు ఏప్రిల్‌లో కడితే మార్చి రిపోర్టు బాగున్నట్టే కనబడుతుంది. అన్వేషణ ఖర్చు కొందరు 1.2 వరుసలో, కొందరు 2.1 వరుసలో చూపిస్తారు, రెండూ కలిపి చూసుకోవాలి. ఆ మొత్తం పక్కన జీతాలు, ఆఫీసు ఖర్చు పెట్టి చూడండి. నేలలోకి పోయే డబ్బు కంటే ఆఫీసుకి పోయేది ఏళ్ల తరబడి ఎక్కువుంటే ఆ కంపెనీ జోలికి పోకపోవడమే మంచిది.

డబ్బు తగ్గితే కొత్త షేర్లు అమ్ముతారు. వాటాదారుల్ని అడగకుండా ఏడాదిలో 15 శాతం, చిన్న కంపెనీలైతే సాధారణ సభలో ముందే అనుమతి తీసుకుని ఇంకో 10 శాతం. 10 కోట్ల షేర్లు పన్నెండున్నర కోట్లయితే మీ ఒక శాతం వాటా 0.8కి దిగుతుంది. పాత వాటాదారులకి తగ్గింపు ధరకి, ఏడాదికి 30,000 డాలర్ల దాకా ఇచ్చే షేర్లు సాధారణంగా ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ చిరునామా ఉన్నవాళ్లకే. రావులపాలెం చిరునామాతో ఉన్న నాన్నగారికి ఆ అవకాశం రాదు, వాటా మాత్రం తగ్గుతుంది.

మరి లాభం ఎటునుంచి వస్తుంది? ఎక్కువగా ఆ చిన్న కంపెనీని పెద్ద కంపెనీ కొన్నప్పుడే. డి గ్రే మైనింగ్ హెమీ అనే బంగారు నిక్షేపాన్ని కనిపెట్టింది, 2025లో నార్తర్న్ స్టార్ ఆ కంపెనీని కొనేసి వాటాదారులకి తన షేర్లిచ్చింది. 2012లో నోవా అనే నికెల్ నిక్షేపాన్ని కనిపెట్టిన సిరియస్ కంపెనీని 2015లో ఐజీఓ అనే పెద్ద కంపెనీ కొన్నప్పుడు, ఆ వాటాదారులకి ఎస్2 రిసోర్సెస్ అనే కొత్త కంపెనీ షేర్లు కూడా దక్కాయి. ఇలా దక్కినవాళ్లు కొద్దిమందే, చాలా బోర్లు రాయి చూపించి ఊరుకుంటాయి. ఎప్పుడైనా లైసెన్సు అమ్మి డివిడెండ్ ఇచ్చినా, సాధారణంగా కంపెనీ పన్ను కట్టి ఉండదు కాబట్టి దానికి ఫ్రాంకింగ్ (కంపెనీ కట్టిన పన్నుకి వాటాదారుకి దక్కే మినహాయింపు) ఉండదు. ఇండియాలో ఉన్నవాళ్లకి 15 శాతం పన్ను ఇక్కడే కోసేస్తారు.

ఉద్యోగంలో ఉన్నవాళ్లకి ఆ 8.7 ఇంకా దగ్గరి సంగతి. డబ్బు అడుగంటితే ముందు ఆగేది రిగ్గు, తర్వాత ఫీల్డు సిబ్బంది. 482 వీసా (కంపెనీ స్పాన్సర్ చేసే తాత్కాలిక ఉద్యోగ వీసా) మీద ఉన్నవాళ్లకి పని పోయాక కొత్త స్పాన్సర్‌ని వెతుక్కోవడానికి ఒక్కో విడత 180 రోజులు, వీసా కాలం మొత్తానికి 365 రోజులే. కంపెనీ దివాలా తీస్తే బకాయి జీతాలు, సెలవుల డబ్బు చెల్లించే ప్రభుత్వ పథకం పౌరులకీ, పర్మనెంట్ వీసా ఉన్నవాళ్లకీ, ఇక్కడుంటున్న న్యూజిలాండ్ వాళ్లకే వర్తిస్తుంది. 482 వాళ్లకి రాదు. అందుకని అంకె రెండు కిందికి దిగిన రోజే సూపర్ ఖాతా (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) తెరిచి కంపెనీ కట్టాల్సింది జమైందో లేదో చూసుకోండి, మిగిలిన సెలవు వాడుకోండి. జీతం బదులు ఆప్షన్లు (ముందే అనుకున్న ధరకి తర్వాత షేర్లు కొనుక్కునే హక్కు) ఇస్తామంటే ఒప్పుకోకండి.