ఫార్మాట్ కొట్టినా ఆగని బ్లూ స్క్రీన్: నా అనుభవం

తెలంగాణలో డిగ్రీ సీట్ల కోసం పెట్టే ఆన్‌లైన్ ‘దోస్త్’ దరఖాస్తుల కాలంలో నల్లగొండలోని ఆన్‌లైన్ సెంటర్లకు క్షణం తీరిక ఉండదు. కనగల్, తిప్పర్తి, చండూరు, మునుగోడు వైపు ఊళ్ల నుంచి ఇంటర్ పాసైన పిల్లలు మెమోలు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు పట్టుకుని, చాలాసార్లు తల్లినో తండ్రినో వెంటబెట్టుకుని వస్తారు. సరిగ్గా ఆ రోజుల్లోనే నా సెంటర్‌లోని ప్రధాన కంప్యూటరు పనిచేస్తూ పనిచేస్తూ నీలి తెర చూపి ఆగిపోవడం మొదలైంది. ఒక అమ్మాయి రిజిస్ట్రేషన్ ఫీజు కట్టిన మరుక్షణంలో, రసీదు తెర మీదికి రాకముందే సిస్టమ్ పడిపోయింది. డబ్బు పోయిందా, దరఖాస్తు చేరిందా తెలియక ఆ తల్లి పడిన ఆందోళన చూశాక, దీని కారణం తేలేదాకా వదలకూడదని నిర్ణయించుకున్నాను.

మే నెల నల్లగొండ ఎండల్లో ఏ యంత్రం మొరాయించినా అందరి అనుమానం ముందు వేడి మీదికి, తర్వాత కరెంటు మీదికి పోతుంది. ప్రాసెసర్ ఉష్ణోగ్రత చూస్తే మామూలుగానే ఉంది. పైగా పొద్దున్నే, గది చల్లగా ఉన్న వేళ కూడా సిస్టమ్ పడిపోతూనే ఉంది. కరెంటు సంగతి తేల్చడానికి ఈవెంట్ వ్యూయర్ ఉపయోగపడింది. కంప్యూటరు సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిన ప్రతిసారీ విండోస్ అందులో ‘కెర్నల్-పవర్ 41’ అనే నమోదు రాసుకుంటుంది. దాని పేరులో పవర్ అని ఉండడం వల్ల చాలామంది ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటరుకు కరెంటు అందించే పెట్టె) మార్చేస్తారు. నిజానికి ఆ నమోదు వివరాల్లో ‘బగ్‌చెక్ కోడ్’ అనే గడి ఉంటుంది. కరెంటు పోయి ఆగినప్పుడు అందులో సున్నా ఉంటుంది. బ్లూ స్క్రీన్ వచ్చి ఆగితే సాధారణంగా దాని స్టాప్ కోడ్ (ఎందుకు ఆగిందో చెప్పే గుర్తు) సంఖ్య ఉంటుంది. నా కంప్యూటర్‌లో సున్నా ఎక్కడా లేదు. ఎస్‌ఎంపీఎస్‌కు, యూపీఎస్‌కు పెట్టబోయిన ఖర్చు అక్కడితో ఆగింది.

మాకు ఎప్పుడూ రిపేర్లు చేసే తమ్ముడు వచ్చి, ర్యామ్ తీసి దాని బంగారు రంగు పళ్లను రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాడు. ఫలితం లేకపోయేసరికి, “అన్నా, ఇగ ఫార్మాట్ కొట్టుడే” అన్నాడు. అన్నట్టే ఫార్మాట్ కొట్టి, తన పెన్‌డ్రైవ్‌లోని డ్రైవర్ ప్యాక్‌తో అన్నీ ఎక్కించి ఇచ్చాడు. ఒక పూట సజావుగా నడిచింది. మార్కుల మెమోల స్కాన్‌లు వరుసగా అప్‌లోడ్ చేస్తుండగా మళ్లీ అదే నీలి తెర వచ్చింది. సర్వం తుడిచిపెట్టి కొత్తగా వేసినా జబ్బు తిరిగి వచ్చిందంటే, అది చెడిన హార్డ్‌వేర్ అయినా కావాలి, లేదా కొత్తగా వేసేటప్పుడు మళ్లీ మనమే లోపలికి తెస్తున్నదైనా కావాలి. ఈ రెండో సంగతి మా వైపు సెంటర్లలో ఎవరి తలపుకూ రాకపోవడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఫార్మాట్ పేరుతో ఎందరో తమ ఫొటోలు, ఫైళ్లు పోగొట్టుకుంటున్నారు.

బ్లూ స్క్రీన్ వచ్చిన ప్రతిసారీ విండోస్ ఆ క్షణాన ఏం జరిగిందో ఒక చిన్న డంప్ ఫైలులో రాసి, సీ డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డరులో ‘మినీడంప్’ అనే చోట దాస్తుంది. నేను తెరిచి చూస్తే ఆ ఫోల్డరు ఖాళీగా ఉంది. కారణం పేజ్ ఫైల్, అంటే ర్యామ్‌కు తోడుగా విండోస్ డిస్కు మీద వాడుకునే ఫైలు. డంప్‌ను ముందు పేజ్ ఫైల్‌లో రాసి, మళ్లీ బూట్ అయ్యాక అక్కడి నుంచి ఫోల్డరులోకి తెస్తుంది. వేగం పెరుగుతుందన్న ఉద్దేశంతో మా తమ్ముడు ఫార్మాట్ తర్వాత ఆ పేజ్ ఫైల్‌నే తీసేసి ఉన్నాడు. సిస్టమ్ ప్రాపర్టీస్‌లోని అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లోకి వెళ్లి, సీ డ్రైవ్ మీద పేజ్ ఫైల్‌ను తిరిగి పెట్టాను. అక్కడే ‘స్టార్టప్ అండ్ రికవరీ’లో ‘స్మాల్ మెమరీ డంప్’ ఎంచుకుని, ‘ఆటోమేటికల్లీ రీస్టార్ట్’ దగ్గరి టిక్కు తీసేశాను. దానివల్ల నీలి తెర మీది అక్షరాలను చదివి, ఫోన్‌తో ఫొటో తీసుకునే వ్యవధి దొరుకుతుంది.

ఆ తర్వాత డంప్‌లు పోగుపడ్డాయి. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఉచితంగా దొరికే విన్‌డీబీజీ అనే సాధనంతో వాటిని తెరిచి విశ్లేషణ ఆదేశం ఇస్తే, ఏ ఫైలు దగ్గర కూలిందో పేరు చూపిస్తుంది. నాకు చూపించిన పేరు విండోస్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌ది. స్టాప్ కోడ్‌లు మాత్రం ఒక్కోసారి ఒక్కో రకం: ఒకసారి ‘ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్’, మరోసారి ‘మెమరీ మేనేజ్‌మెంట్’. కోడ్‌లు ఇలా మారుతుంటే ముందుగా ర్యామ్‌ను అనుమానించాలి కనుక, మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి రాత్రంతా నడిపించాను. ఒక్క తప్పు కూడా రాలేదు.

ర్యామ్ బాగుందని తేలడంతో నా అనుమానం డ్రైవర్ల మీదికి మళ్లింది. ఇక్కడ డ్రైవర్ అంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి. బ్రౌజరు, వర్డ్ వంటి ప్రోగ్రాములకు విండోస్ విడివిడిగా జాగా ఇస్తుంది. ఒకటి కూలితే అదొక్కటే మూతపడుతుంది. హార్డ్‌వేర్‌ను నడిపే డ్రైవర్లలో అధికభాగం కెర్నల్ లోపల, ఒకే ఉమ్మడి మెమరీలో పనిచేస్తాయి. అందులో ఒక డ్రైవర్ తనకిచ్చిన జాగా దాటి రాస్తే, గెట్టు దాటి దున్నినట్టే. పక్కవాడు తన చెలకలోకి వచ్చినప్పుడు గానీ ఆ సంగతి బయటపడదు. అప్పటికి దున్నినవాడు అక్కడ ఉండడు. అందుకే డంప్‌లో నిందితుడిగా కెర్నల్ పేరు కనిపిస్తుంది, అందుకే కోడ్ ప్రతిసారీ మారుతుంది. మరింత చెడకుండా ఉండేందుకే విండోస్ ఆ క్షణాన అంతటినీ ఆపేస్తుంది.

2024 జూలై 19న ప్రపంచమంతా చూసింది ఈ కోవకు చెందినదే. క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక అప్‌డేట్ ఫైలును దాని డ్రైవర్ చదివేటప్పుడు, 20 విలువలు మాత్రమే అందిన చోట 21వ దాని కోసం హద్దు దాటి చూసింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో నిలిచిపోయాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులను చేత్తో రాసి ఇచ్చారు. చదవడంలోనే అంత జరిగితే, రాయడంలో హద్దు దాటే డ్రైవర్ ఎంత చేయగలదో ఊహించుకోవచ్చు.

దాటుతున్నది ఎవరో పట్టుకోవడానికి విండోస్‌లోనే ‘డ్రైవర్ వెరిఫయర్’ ఉంది. దీన్ని తేలికగా తీసుకోకూడదు. కొన్నిసార్లు దీన్ని పెట్టాక కంప్యూటరు బూట్ అవుతూనే మళ్లీ మళ్లీ కూలుతుంది. అప్పుడు సేఫ్ మోడ్‌లోకి వెళ్లి కమాండ్ ప్రాంప్ట్‌లో ‘వెరిఫయర్ /రీసెట్’ కొట్టి దాన్ని ఆపాలి. కాబట్టి ముందే ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి కాపీ చేసుకుని, రీస్టోర్ పాయింట్ పెట్టుకున్నాను. స్టాండర్డ్ సెట్టింగ్స్ తీసుకుని, మైక్రోసాఫ్ట్‌వి కాని డ్రైవర్లను మాత్రమే టిక్కు పెట్టాను. అందులోని ‘స్పెషల్ పూల్’ అనే ఏర్పాటు నాకు ఎంతో నచ్చింది: డ్రైవర్ అడిగిన జాగాను ఒక పేజీ (మెమరీలో ఒక ముక్క) చివరన ఇచ్చి, దాని పక్క పేజీని ఎవరూ తాకకుండా మూసివేస్తుంది. హద్దు దాటిన ఆ అడుగులోనే పట్టుబడుతుంది.

సిస్టమ్ నెమ్మదించింది గాని నడిచింది. ఒక పెద్ద పీడీఎఫ్ అప్‌లోడ్ మొదలుపెట్టగానే నీలి తెర వచ్చింది. ఈసారి కోడ్ ‘డ్రైవర్ పేజ్ ఫాల్ట్ బియాండ్ ఎండ్ ఆఫ్ అలొకేషన్’. ఇచ్చిన జాగా చివర దాటి వెళ్లిందని దాని అర్థం. ‘వాట్ ఫెయిల్డ్’ అన్న మాట పక్కన కెర్నల్ పేరు లేదు. సీపీయూ వెనక గుచ్చి ఉన్న చిన్న యూఎస్‌బీ వైఫై అడాప్టరు డ్రైవర్ ఫైలు పేరు ఉంది. డివైజ్ మేనేజర్‌లో దాని తేదీ చూస్తే విండోస్ 10 రాకముందుది. పెన్‌డ్రైవ్‌లోని డ్రైవర్ ప్యాక్ నుంచి వచ్చింది అదే. ఫార్మాట్ తర్వాత కూడా అది మళ్లీ ఎక్కింది అందుకే.

తీసేయడంలోనూ ఒక మెలిక ఉంది. డివైజ్ మేనేజర్‌లో అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ను కూడా తొలగించమనే గడిలో టిక్కు పెట్టకపోతే, ఆ కాపీ విండోస్ డ్రైవర్లను దాచుకునే డ్రైవర్ స్టోర్‌లో మిగిలిపోయి, అడాప్టరు మళ్లీ గుచ్చగానే తిరిగి కూర్చుంటుంది. టిక్కు పెట్టి తీసేశాక, ‘పీఎన్‌పీ యుటిల్’ ఆదేశంతో స్టోర్‌లోని జాబితా చూస్తే దాని మరో పాత కాపీ కనిపించింది, దాన్నీ తొలగించాను. అడాప్టరు మీద పేరేమీ లేకపోయినా, డివైజ్ మేనేజర్ డీటెయిల్స్‌లోని ‘హార్డ్‌వేర్ ఐడీ’ని బట్టి లోపలి చిప్ ఏదో తెలుస్తుంది. ఆ ఐడీతో మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్‌లో వెతికి, డిజిటల్ సంతకం ఉన్న కొత్త డ్రైవర్ వేశాను. వెంటనే సంబరపడకుండా, వెరిఫయర్‌ను ఆ ఒక్క డ్రైవర్ మీదనే ఉంచి, పెద్ద ఫైళ్లు అదేపనిగా ఎక్కించి, దించి చూశాను. నిలబడింది. ఆ తర్వాతే రీసెట్ చేశాను.

ఆ అమ్మాయి ఫీజు చేరిందని లాగిన్‌లో కనబడింది. దరఖాస్తు నిశ్చింతగా పూర్తి చేసి పంపాను. మా తమ్ముడు తన పెన్‌డ్రైవ్‌లోని పాత ప్యాక్‌ను నా ఎదుటే తీసేశాడు. ఇప్పుడు ఎవరి సిస్టమ్ తెచ్చినా స్క్రూడ్రైవర్ తీయకముందే మినీడంప్ ఫోల్డరు తెరుస్తున్నాడు, పేరు అంతుపట్టకపోతే ఆ ఫైలు నాకు పంపుతున్నాడు.