కొత్త బెల్టు వేసినా కీచు పోలేదు: అసలు తప్పు ఎక్కడుందో పట్టుకున్న నా అనుభవం

మాది డీజిల్ కారు. డైనమో, ఏసీ కంప్రెసర్, పవర్ స్టీరింగ్ పంపు, వాటర్ పంపు నాలుగింటినీ లోపలి వైపు పొడవునా ఆరు గీతలున్న ఒకే బెల్టు తిప్పుతుంది. వానలు మొదలయ్యాక పొద్దున్నే స్టార్ట్ చేయగానే కీచుమని అరిచేది, కాస్త దూరం పోయాక తగ్గేది. గ్యారేజీలో చూపిస్తే "బెల్టు ఎండిపోయింది సార్, కొత్తది వేస్తే పోతది" అన్నారు. వేశారు. కొన్నాళ్లు బాగానే ఉంది, తర్వాత మళ్లీ అదే అరుపు. అరిచేది బెల్టే, అరిపించేది మాత్రం చాలాసార్లు వేరే భాగం. అందుకే మళ్లీ బెల్టు జోలికి పోకుండా మొదటి నుంచీ వెతికాను.

ముందు శబ్దం ఏ రకమో తేల్చుకోవాలి. సాగదీసినట్టు కీచుమంటే బెల్టు పుల్లీ మీద జారుతున్నట్టు. చిక్ చిక్ అని లయగా వస్తూ, ఇంజన్ వేగంతో పాటే ఆ లయ కూడా వేగం పుంజుకుంటే పుల్లీలు ఒక వరుసలో లేనట్టు. గర్రుమంటే ఏదో బేరింగ్ పోయినట్టు. ఎప్పుడు వస్తుందన్నది కూడా ముఖ్యమే. ఏసీ వేయగానే అరిస్తే కంప్రెసర్ వైపు చూడాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు అరిస్తే పంపు వైపు. స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో అయితే డైనమో వైపు, ఎందుకంటే స్టార్టర్ వాడేసిన కరెంటును బ్యాటరీకి తిరిగి ఎక్కించే భారం అప్పుడే దాని మీద పడుతుంది. మా బండి స్టార్ట్ చేయగానే అరిచేది, హెడ్‌లైట్లు, ఏసీ కలిపి వేస్తే అరిచేది, ఇంజన్ ఆపేటప్పుడు కూడా చివర్లో ఒక్కసారి చిన్నగా కూసేది. ఆ చివరి కూతను చాలామంది పట్టించుకోరు. నాకు దారి చూపింది అదే.

తర్వాత నీళ్ల పరీక్ష. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా స్ప్రే సీసాతో బెల్టు గీతలున్న వైపు కొద్దిగా నీళ్లు చిమ్మాలి. చొక్కా చేతులు మడిచి, చున్నీ, తువ్వాలు లాంటివేవీ వేలాడకుండా చూసుకుని, సీసాను దూరంగా పట్టుకోవాలి. నీళ్లు పడగానే శబ్దం ఆగి, ఆరాక మళ్లీ వస్తే పుల్లీల వరుస తప్పినట్టు. నీళ్లు పడగానే ఇంకా పెద్దగా అరిస్తే పట్టు చాలక జారుతున్నట్టు. మాది గట్టిగా అరిచింది. కొందరు సబ్బు రుద్దమంటారు, షాపుల్లో బెల్టు స్ప్రే కూడా ఇస్తారు. రెండూ వద్దు. శబ్దం కాసేపు ఆగుతుంది కానీ ఆ జిగురుకు మన రోడ్ల దుమ్ము, ఇసుక అంటుకుని గీతలను ఆకురాయిలా కొరికేస్తాయి.

బ్యాటరీ బలహీనంగా ఉన్నా డైనమో మీద భారం పెరుగుతుంది కాబట్టి మల్టీమీటర్ పెట్టి చూశాను. రాత్రంతా నిలిపిన బండిలో 12.6 వోల్టుల దగ్గర ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టే. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. రెండూ సరిగ్గానే ఉన్నాయి.

ఇక టెన్షనర్. బెల్టును ఎప్పుడూ బిగువుగా ఉంచే స్ప్రింగు చేయి ఇది. ఐడిల్‌లో దాదాపు కదలకుండా నిలబడాలి. కంటికి అంత తేలిగ్గా దొరకదని ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీశాను. చేయి టకటకా ఎగిరెగిరి పడుతోంది. సాధారణంగా దీన్ని చూడగానే టెన్షనర్ పోయిందని మార్చేస్తారు. నిజానికి అది వణకడానికి రెండు కారణాలుంటాయి. టెన్షనర్‌లో కుదుపును అణిచే డాంపర్ అరిగిపోయి ఉండొచ్చు, లేదా బెల్టు మీద ఇంకేదో భాగం దాన్ని కుదుపుతూ ఉండొచ్చు.

బెల్టు విప్పే ముందు అది ఏ దారిన పోతుందో ఫొటో తీసుకోవాలి. పొడవాటి రింగు పానాతో టెన్షనర్‌ను తిప్పి, దాని రంధ్రంలో అలెన్ కీ గుచ్చితే చేయి అక్కడే ఆగుతుంది, బెల్టు చేత్తోనే వచ్చేస్తుంది. బెల్టు లేకుండా చల్లటి ఇంజన్‌ను అర నిమిషానికి మించకుండా నడిపి చూశాను. వాటర్ పంపు ఈ బెల్టు మీదే ఉంది కాబట్టి అంతకన్నా ఎక్కువసేపు నడపకూడదు. శబ్దం లేదు. అంటే తప్పు ఈ వరుసలోనే ఉంది.

ఇంజన్ ఆపి ఒక్కో పుల్లీని చేత్తో తిప్పాను. బెల్టుకు దారి చూపడానికే ఉండే ఖాళీ పుల్లీ, ఐడ్లర్, మెత్తగా తిరిగింది, పక్కలకు ఊగలేదు. వాటర్ పంపు కింది చిన్న రంధ్రం దగ్గర కూలెంట్ ఎండిన మరక లేదు. ఏసీ పుల్లీ తేలిగ్గా తిరిగింది. స్టీరింగ్ పంపు కొద్దిగా బరువుగా, ఎక్కడా పట్టేయకుండా తిరిగింది. మిగిలింది డైనమో.

చాలా డీజిల్ బండ్లలో డైనమోకు మామూలు పుల్లీ ఉండదు. ఒక వైపు మాత్రమే పట్టు ఇచ్చే క్లచ్ పుల్లీ ఉంటుంది. డీజిల్ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్‌లో ఇంధనం మండిన ప్రతిసారీ క్రాంకు (బెల్టును తిప్పే ఇంజన్ ప్రధాన షాఫ్టు) ఒక్కసారి వేగం పుంజుకుని, వెంటనే తగ్గుతుంది. డైనమో లోపల తిరిగే భాగం, రోటరు, బరువైనది, పైగా క్రాంకు కన్నా రెండు మూడు రెట్ల వేగంతో తిరుగుతుంది. అది అంత త్వరగా నెమ్మదించలేదు. అందుకని సైకిల్ వెనక చక్రంలోని ఫ్రీవీల్ లాగా, ఇంజన్ తగ్గినప్పుడు రోటరును వదిలేసి తిరగనిచ్చే ఏర్పాటు పుల్లీలో ఉంటుంది. అది బిగుసుకుపోతే రోటరు బరువంతా బెల్టును వెనక్కి లాగుతుంది. టెన్షనర్ వణుకు, బెల్టు జారడం, ఆపేటప్పుడు వచ్చే ఆ కూత, మూడింటికీ మూలం అదే.

పరీక్ష తేలిక. డైనమో జాలీలోంచి టార్చి వేస్తే లోపలి ఫ్యాను రెక్కలు కనబడతాయి. పుల్లీని ఒక వైపు తిప్పితే రెక్కలు కూడా తిరగాలి, రెండో వైపు తిప్పితే పుల్లీ ఒక్కటే తిరగాలి. మా దాంట్లో ఎటు తిప్పినా రెక్కలు తిరిగాయి. పుల్లీ ముందు ఉండాల్సిన ప్లాస్టిక్ మూత లేదు. దాని నడుమ తుప్పురంగు పొడి పేరుకుని ఉంది, వేలితో తాకితే ఇసుకలా గరగరలాడింది. మూత లేని పుల్లీతో హైదరాబాద్ మలక్‌పేట రైల్వే వంతెన కింద నిలిచిన నీళ్లలోంచి వెళ్తే లోపలికి నీరు, ఒండ్రు చేరక మానవు. గ్రీజు కొట్టుకుపోయి తుప్పు పడుతుంది. దీన్ని బాగు చేయలేం, మార్చాల్సిందే.

పాత పుల్లీని, డైనమో మీది నంబరును పట్టుకుని సికింద్రాబాద్ రాణిగంజ్‌లోని విడిభాగాల షాపులకు వెళ్లాను. గీతల లెక్క, లోపలి మర, హబ్ ఎత్తు మూడూ కలవాలి. ఎత్తు కొద్దిగా తేడా వచ్చినా వరుస తప్పి చిక్ చిక్ మొదలవుతుంది. "ఇదెందుకన్నా, సాదా పుల్లీ వేసుకో, సగం ధరకొస్తది" అని ఒక షాపులో చెప్పారు. అది వేస్తే బండి నడుస్తుంది, డైనమో ఛార్జి కూడా చేస్తుంది. కానీ బిగుసుకుపోయిన పుల్లీకి, సాదా పుల్లీకి పెద్ద తేడా లేదు. బెల్టు, టెన్షనర్ మళ్లీ తొందరగా పోతాయి.

పాత పుల్లీ విప్పేటప్పుడైనా, కొత్తది బిగించేటప్పుడైనా ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తప్పనిసరిగా తీయాలి, డైనమో వెనక లావు తీగలో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. ఈ పుల్లీకి 33 పళ్ల స్ప్లైన్ సాకెట్టు కావాలి, దాని మధ్యలోంచి పోయే బిట్టుతో షాఫ్టు తిరగకుండా పట్టుకోవాలి. సుత్తితో కొట్టి ఊడదీస్తే డైనమో బేరింగ్ దెబ్బతింటుంది. బిగింపు సాధారణంగా 80 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది, మీ బండి మాన్యువల్‌లో ఉన్న లెక్కే వాడండి. చివర్లో కొత్త మూత నొక్కి పెట్టాలి.

టెన్షనర్ కూడా మార్చాను. అన్నాళ్లు వణికిన చేయి దాని బుష్ దగ్గర పక్కకు వాలింది. బెల్టు కొత్తదే అయినా జారి జారి గీతలు అద్దంలా మెరుస్తున్నాయి, కనుక అదీ మారింది. బెల్టు వీపు మీద 6పీకే1200 లాంటి నంబరు ఉంటుంది. 6 అంటే గీతలు, 1200 అంటే మిల్లీమీటర్లలో పొడవు. బిగువుగా ఉంటుందని చిన్న సైజు కొనకూడదు, టెన్షనర్ ముల్లు దాని గుర్తుల మధ్య నిలవదు. ఇప్పటి ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు బెల్టులు పాతవాటిలా పగుళ్లు చూపవు, టైరు లాగా అరుగుతాయి. పగుళ్లు లేవు కదా అని బాగుందనుకోవద్దు.

పుల్లీల గాళ్లలో పేరుకున్న నల్లపొడిని నైలాన్ బ్రష్‌తో తీశాను. స్టీలు స్కేలు ఆనించి వరుస చూశాను. గీతల వైపు గాళ్ల పుల్లీల మీద, నున్నని వీపు నున్నని పుల్లీల మీద రావాలి. ఒక్క గీత పుల్లీ అంచు దాటి ఉన్నా నిమిషాల్లో బెల్టు చీలిపోతుంది. అందుకే స్టార్ట్ చేసే ముందు క్రాంకు బోల్టును పానాతో రెండు చుట్లు తిప్పి అన్ని చోట్లా చూసుకున్నాను. తర్వాత లైట్లు, ఏసీ, బ్లోయర్ అన్నీ వేసి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి, నీళ్లు కూడా చిమ్మాను. కీచు లేదు. టెన్షనర్ కదలడం లేదు. ఆపేటప్పుడు కూత లేదు.

ఆటో టెన్షనర్ లేని చిన్న పెట్రోలు బండ్లలో వెతకాల్సింది వేరు. అక్కడ ఎక్కువగా డైనమో సర్దుబాటు బోల్టు వదులై ఉంటుంది. రెండు పుల్లీల మధ్య పొడవైన చోట బెల్టును నొక్కితే ఎన్ని మిల్లీమీటర్లు దిగాలో మాన్యువల్ చెబుతుంది. అంతకు మించి బిగిస్తే డైనమో, వాటర్ పంపు బేరింగులు పోతాయి. కొత్త బెల్టు వేసి కాసేపు నడిపాక అది కొంచెం సాగుతుంది, ఇంజన్ చల్లారాక ఇంకోసారి కొలిచి సర్దుకోవాలి.