బియ్యం బస్తాల గదిని మళ్లీ సౌనా చేశాం

ఫిన్లాండ్‌లో ఇల్లు కొంటే చాలాసార్లు సౌనా, అంటే వేడిలో కూర్చుని చెమట పట్టించుకునే చెక్క గది, దాంతోపాటే వస్తుంది. జనాభా 55 లక్షల పైచిలుకు, సౌనాలు 30 లక్షల దాకా ఉంటాయని అంచనా. హెల్సింకి పక్కనున్న ఎస్పోలో మేం కొన్న ఇంట్లోనూ ఒకటుంది. మనవాళ్ల ఇళ్లలో దాని గతి తెలిసిందే కదా: బియ్యం బస్తాలు, సూట్‌కేసులు, ఊరి నుంచి తెచ్చిన పచ్చళ్లు. మేం హీటర్‌కి కరెంటు తీయించి మరీ సామాన్లు పెట్టాం. ఎవరైనా తెలియక స్విచ్ వేస్తే ఇల్లంటుకుంటుంది.

దాన్ని బాగు చేయిద్దామన్నది మా అమ్మాయి. స్కూలు ఈత క్లాసుల వల్ల దానికి అలవాటైపోయింది. స్విమ్మింగ్ హాల్ సౌనాలో స్విమ్‌సూట్ వేసుకోకూడదు. ఆడపిల్లలు ఒకవైపు, మగపిల్లలు ఒకవైపు, అందరూ బట్టల్లేకుండానే. మొదటిసారి విన్నప్పుడు నా గుండె గుభేలుమంది. "అక్కడ ఎవరూ ఎవర్నీ చూడరమ్మా" అంది తను, అన్నం తింటూనే. పన్నెండేళ్లకి నాకు వచ్చిందల్లా చున్నీ సర్దుకోవడం. దీని నిబ్బరం చూస్తే ముచ్చటేసింది, కొంచెం కుళ్లుగానూ ఉంది.

గది ఎనిమిది ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు కిలోవాట్ చొప్పున లెక్కేసి హీటర్ తీసుకున్నాం. త్రీ ఫేజ్ వైరింగ్ కాబట్టి లైసెన్సున్న ఎలక్ట్రీషియనే రావాలి. గోడ చెక్కల వెనక అల్యూమినియం ఫాయిల్ పరిచి, అతుకులన్నీ టేపుతో మూశారు. ఫాయిల్‌కీ చెక్కకీ మధ్య గాలాడే సందు వదలకపోతే చెక్క కుళ్లిపోతుందట. బల్లలకు ఆల్డర్ చెక్క, తలుపు బయటికి తెరుచుకునేది, గడియ లేదు. సౌనా వేడి నుంచి వచ్చి దిగడానికి వెనక డెక్ మీద చన్నీళ్ల తొట్టి. జనవరిలో దానికి నీళ్లు చల్లబరిచే మెషీన్ ఎందుకు, పైన మంచు పగలగొట్టుకోవడమే పని. పిల్లలు ఒంటరిగా దిగకూడదు, తల ముంచకూడదు, అర నిమిషం దాటకూడదు. ఈ మూడింట్లో బేరాల్లేవు.

రాజమండ్రి నుంచి వచ్చిన అత్తయ్య తొట్టిలో చెయ్యి పెట్టి చూసి, "కార్తీకంలో తెల్లారకముందే గోదాట్లో మునిగేవాళ్లం, ఇదెంత!" అన్నారు. ఆవిడకి బీపీ, తొట్టి వద్దని గట్టిగా చెప్పాం. సౌనా మాత్రం మాకు 80 డిగ్రీలైతే ఆవిడకి 60, అదీ కింది బల్ల మీద.

అసలు గొడవ ఆదివారం తలంటుతో మొదలైంది. నువ్వులనూనె ఒంట్లోకి దిగాలంటే వేడిలోనే కూర్చోవాలని నాయనమ్మ. నూనె ఒంటితో లోపలికి వస్తే చెక్క మరకలవుతుంది, పైగా ముందు స్నానం చేసి రావడమే మర్యాదని మనవరాలు. చివరికి పాత బొంత తువ్వాలు పరిచి, నూనెకి ఒక బల్ల కేటాయించాం. సున్నిపిండి బయట షవర్ దగ్గరే.

పిల్లాడు ఎన్నేళ్లొచ్చేదాకా నాతో రావచ్చని పక్కింటావిణ్ణి అడిగితే, "వాడే చెబుతాడు" అంది. పోయిన నెల చెప్పేశాడు. ఇప్పుడు మొదటి వంతు ఆడవాళ్లది, రెండోది తండ్రీకొడుకులది. అమ్మాయి స్నేహితురాళ్లు రాత్రికి ఉండటానికి వస్తే ఏం చేయాలన్నది ఇంకా తేలలేదు. తువ్వాలైనా చుట్టుకోండి అని నేనంటాను, అదీ ఎందుకంటుంది అది.