బాపమ్మ పాస్‌పోర్టు, వృషభ లగ్నం, ఎండు కుడకలు

మా చెల్లి పెళ్ళి 2026 ఫిబ్రవరి చివరి వారంలో థాయ్‌లాండ్‌లోని హువా హిన్‌లో జరిగింది. వచ్చినప్పటి నుంచి తెలిసినవాళ్ళంతా అడిగేవి రెండే: ఏ హోటల్, ఎంతయింది? నాకు మాత్రం ఆ ఏడాదిలో బాగా గుర్తుండిపోయినవి వేరే ఉన్నాయి. విదేశంలో పెళ్ళి చేయాలనుకునే మన ఇళ్ళవాళ్ళకి అవే ఎక్కువ పనికొస్తాయనిపించి రాస్తున్నాను.

ముందు, థాయ్‌లాండ్ ఎందుకో చెప్పాలి. పెళ్ళికొడుకు, అంటే మా మరిది, మెల్‌బోర్న్‌లో ఉంటాడు. వాళ్ళ దగ్గరి చుట్టాల్లో సగం మంది అక్కడే. మాది హనుమకొండ. బ్యాంకాక్ ఇద్దరికీ దారిలోనే పడుతుంది, హైదరాబాద్ నుంచి నాలుగు గంటల లోపే నేరుగా విమానం ఉంది. ఊరందరినీ పిలవకుండా పెళ్ళేంటని బాపు (మా నాన్న) నెల రోజులు మాట్లాడలేదు. తిరిగొచ్చాక హనుమకొండలో అందరికీ భోజనాలు పెడదామని అనుకున్నాకే ఒప్పుకున్నాడు.

2025 జనవరిలో మొదలుపెట్టినప్పుడు మేం అనుకున్నది డిసెంబర్. మరిదికి క్రిస్మస్ సెలవులు, అక్కడ వానలు తగ్గి చల్లబడే కాలం. ఒక హోటల్‌వాళ్ళు తేదీ ఆపి పెడతాం, అడ్వాన్స్ పంపండి అన్నారు. డబ్బు పంపే ముందు రోజు అమ్మ మా పురోహితులు అయ్యగారికి ఫోన్ చేసింది. ఆయన లెక్క చూసి, నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి మధ్య దాకా శుక్ర మౌఢ్యం, అంటే మూఢం, పెళ్ళి ముహూర్తాలే లేవన్నారు. ఉగాదికి విశ్వావసు పంచాంగం చేతికొచ్చాక చూసినా అదే మాట. ఆ ఒక్క ఫోన్ చేయకపోయి ఉంటే అడ్వాన్స్ పోయేది. హోటళ్ళవాళ్ళ సీజన్‌కీ మన మూఢానికీ సంబంధం లేదు. అందుకే ముందు ముహూర్తం, తర్వాతే హోటల్.

ముహూర్తం విషయంలోనే ఇంకొకటి. థాయ్‌లాండ్ గడియారం మనకంటే గంటన్నర ముందుంటుంది. మా బాబాయి ఇక్కడి పంచాంగంలో ఉన్న లగ్నం టైముకి గంటన్నర కలిపేసి శుభలేఖ నమూనా కూడా తయారు చేయించాడు. అయ్యగారు దాన్ని చూసి ఆపారు. తిథి, నక్షత్రం ముగిసే సమయాలకైతే గంటన్నర కలిపితే సరిపోతుంది, అవి లోకమంతటికీ ఒకేసారి మారతాయి. లగ్నం అలా కాదు, ఏ ఊళ్ళో పెళ్ళి జరిగితే ఆ ఊరి తూర్పు దిక్కున ఏ రాశి ఉదయిస్తోందో చూడాలి. హువా హిన్ మనకి ఇరవై డిగ్రీలు తూర్పున ఉంది, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అక్కడ లగ్నం గంటా ఇరవై నిమిషాలు ముందే వస్తుంది. గడియారం తేడా గంటన్నర. రెండూ దాదాపు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇక్కడ పదకొండు దాటాక మొదలయ్యే వృషభ లగ్నం అక్కడి గడియారంలోనూ పదకొండు దాటాకే మొదలవుతుంది. గంటన్నర కలిపి ఉంటే జీలకర్ర బెల్లం పెట్టేసరికి లగ్నం చివరికొచ్చేది, కాస్త ఆలస్యమైతే మిథునంలో పడేది. అయ్యగారు హోటల్ ఉన్న చోటి అక్షాంశం, రేఖాంశం అడిగి తీసుకుని కొత్తగా లెక్క కట్టి ఇచ్చారు. అప్పుడు శుభలేఖలు అచ్చుకిచ్చాం.

ఇక బాపమ్మ, అంటే మా నాన్నమ్మ. ఆమెకి డెబ్భై తొమ్మిదేళ్ళు, పాస్‌పోర్టు లేదు. ‘నేను లేకుంటే పెండ్లి ఆగుతదా బిడ్డా, మీరు పోయి రండ్రి’ అంది. ఆమె లేకుండా చెల్లి పెళ్ళి నేను ఊహించలేను. మమ్మల్ని పెంచింది ఆమే. ఉగాది అయిన మర్నాడే ఆమె కాగితాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమే ఉంది. ఓటరు కార్డులో పేరు ఇంకోలా ఉంది. పుట్టిన తేదీ ఒకదాంట్లో జనవరి 1, ఇంకోదాంట్లో ఉత్త సంవత్సరమే. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు ఒప్పుకోరు, ఇంటిపేరు పూర్తిగా ఉండాలి. ముందు ఆధార్ సరిచేయిద్దామని వెళ్తే వేలిముద్రలు పడలేదు. యాభై ఏళ్ళు నాట్లు వేసి, కలుపు తీసిన చేతులు. గీతలన్నీ అరిగిపోయాయి. గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, తుడిచి, కొబ్బరినూనె రాసి మళ్ళీ మళ్ళీ ప్రయత్నించాం. నాలుగోసారి వెళ్ళినప్పుడు పడ్డాయి. ఆధార్, తర్వాత పాస్‌పోర్టు అపాయింట్‌మెంట్, పోలీసు విచారణ అన్నీ అయ్యేసరికి దసరా వచ్చింది. ఆరు నెలలు! పెళ్ళికి మూడు నెలల ముందు మొదలుపెట్టి ఉంటే ఆమె ఇంట్లోనే ఉండిపోయేది.

మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే హోటల్ ఫొటోలు చూడకముందే వాళ్ళ కాగితాలు చూడండి. పాస్‌పోర్టు ఉన్నవాళ్ళవీ తెరిచి చూడండి. ప్రయాణం నాటికి ఇంకా ఆరు నెలల గడువు ఉండాలి. మా పెదనాన్నవీ మేనత్తవీ రెండూ ఆ లెక్కలో తప్పాయి, కొత్తవి చేయించాం. విమానం టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. మేం వెళ్ళినప్పుడు మనవాళ్ళకి వీసా అక్కర్లేదు, దిగే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపితే చాలు. ఇలాంటివి మారుతూ ఉంటాయి కాబట్టి టికెట్లు కొనే ముందు మళ్ళీ చూసుకోండి. ఎనభై ఆరు మంది కార్డులు నేనూ మా ఆయనా రెండు రాత్రులు కూర్చుని నింపాం.

ఫుకెట్ కాకుండా హువా హిన్ అనుకున్నదీ బాపమ్మ కోసమే. ఫుకెట్‌కి చాలామందికి ఇంకో విమానం మారాల్సి వచ్చేది. ఇక్కడికైతే బ్యాంకాక్ ఎయిర్‌పోర్టు బయటే బస్సు ఎక్కించి, మూడు గంటల్లో గదిలో దింపాం.

రిజిస్ట్రేషన్ సంగతి చాలామంది చివర్లో ఆలోచిస్తారు. థాయ్‌లాండ్‌లో మనం చేసేది శాస్త్రానికి పెళ్ళి. అక్కడి చట్టం ప్రకారం చేసుకోవాలంటే ఎంబసీ కాగితాలు, జిల్లా ఆఫీసు, పెద్ద పని. మేం ఇక్కడే ప్రత్యేక వివాహ చట్టం కింద చేయించాం. ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజులుగా ఉంటూ ఉండాలి, చెల్లి ఇక్కడే ఉంది కాబట్టి ఇబ్బంది రాలేదు. నోటీసు ఇచ్చాక 30 రోజులు ఆగాలి, మూడు నెలలు దాటకూడదు. మరిది డిసెంబర్ సెలవుల్లో వచ్చి నోటీసు ఇచ్చి వెళ్ళాడు, ఫిబ్రవరిలో పెళ్ళికి వచ్చినప్పుడు ముందు ఇక్కడ దిగి సంతకాలు పెట్టి బ్యాంకాక్ వెళ్ళాడు. ఈ లెక్క ఆరు నెలల ముందే వేసుకోకపోతే అతనికి సెలవులు చాలేవి కావు.

హోటల్‌తో రెండే విషయాలు గట్టిగా రాయించుకున్నాం. ఒకటి, హోమం. హాల్లో నిప్పు పెట్టనివ్వరు, పొగ తగిలితే అలారం మోగుతుంది. లాన్‌లో, గాలికి అడ్డంగా మూడు వైపులా తెరలు కట్టి చేసుకునేలా ఒప్పందంలోనే రాయించాం. రెండు, వంట. మన వంటవాళ్ళని టూరిస్టులుగా తీసుకెళ్ళి పని చేయించడం అక్కడి చట్టం ఒప్పదు. బ్యాంకాక్‌లో ఉండే భారతీయ కేటరింగ్‌వాళ్ళతో మాట్లాడి, నెల ముందు మా అమ్మ వీడియో కాల్‌లో పచ్చిపులుసు దగ్గరుండి చేయించింది.

సామాను విషయానికొస్తే, అరటాకులు, కొబ్బరి బోండాలు, బంతిపూలు, మల్లెలు అక్కడ పుష్కలం. పచ్చి ఆకులు, కాయలు సరిహద్దు దాటించే పని పెట్టుకోకండి. నగలు తీసుకెళ్తుంటే బయల్దేరే ఎయిర్‌పోర్టులో కస్టమ్స్‌వాళ్ళకి చూపించి సర్టిఫికెట్ రాయించుకోండి, తిరిగొచ్చేటప్పుడు ఇవి మావేనని చెప్పడానికి అదే ఆధారం. దానికోసం మేం రెండు గంటలు ముందే వెళ్ళాం. సన్నికల్లు చిన్నది చెక్కించాం. పెళ్ళిలో పూజించే ఐరేని కుండల్ని చీరల మధ్య చుట్టి పెట్టాను, ఒక్కటీ పగల్లేదు.

కుడకల (ఎండుకొబ్బరి చిప్పల) దగ్గరే మేం ఆలోచించలేదు. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, తొందరగా అంటుకుంటుందని మన విమానాల సామానులో ఒప్పుకోరు. శంషాబాద్‌లో సూట్‌కేసు తెరిపించి ఇరవై ఒక్క కుడకలూ తీయించారు. పెళ్ళికూతురి ఒడిలో పోసే ఒడిబియ్యం కుడకలు లేకుండా ఎట్లా పోస్తామని అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మర్నాడు బాబాయి బ్యాంకాక్‌లో మనవాళ్ళ దుకాణాలుండే పాహురత్ వెళ్ళి కిరాణా కొట్లు తిరిగి, సాయంత్రానికి సంచి నిండా పట్టుకొచ్చాడు.

ఒడిబియ్యం మొదట పోసింది బాపమ్మే. సముద్రం వైపు ముఖం పెట్టి కుర్చీలో కూర్చుని, ఐదు దోసిళ్ళూ తొణక్కుండా పోసింది.

మొన్న ఆమె పాస్‌పోర్టు బీరువాలో పెడుతుంటే, ఇది ఎన్నేండ్లుంటదని అడిగింది. పదేళ్ళన్నాను. కాసేపు ఆగి, ‘అయితే చెల్లె కాన్పుకు మెల్‌బోర్న్ పోవచ్చు గదా’ అంది.